సీలు మార్చే ముందు బ్రీథర్ చూడండి

పదిహేను ఇరవై ఏళ్లు నడిచిన బండి ఆయిల్ కారుస్తోందంటే మన వైపు దానికి రెండే వైద్యాలు జరుగుతుంటాయి. మొదటిది, తడి కనిపించిన చోట సీలో ప్యాకింగో మార్చేయడం. కొన్నాళ్లకు అక్కడే మళ్లీ తడిస్తే రెండోది: "బ్యాక్ కంప్రెషన్ వచ్చేసిందన్నా, ఇక బోరు పనే" అనే తీర్పు. మొదటిదానికి వేలల్లో పోతుంది. రెండోదానికి ఇంజను దిగుతుంది, బండి రోజుల తరబడి షెడ్డులోనే ఉంటుంది, పని చేతినిండా ఉన్న రోజుల్లో కిరాయి పోతుంది. ఈ రెండు వైద్యాల మధ్య చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దానికి కావలసింది తాపీ మేస్త్రీలు లెవలు చూసుకునే సన్న ప్లాస్టిక్ పైపు, గ్లాసుడు నీళ్లు. ఆ పరీక్ష ఏమిటో, దానికి ముందూ వెనకా ఏం చూసుకోవాలో చెప్పడానికే ఈ అధ్యాయం.

సంగం చుట్టుపక్కల బండ్లున్నవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. నెల్లూరు నుంచి బుచ్చి మీదుగా ఆత్మకూరు పోయే దారిలో పెన్న ఒడ్డున ఉన్న ఈ ఊరి దగ్గరి నుంచే కనిగిరి కాలువ, కావలి కాలువ బయల్దేరతాయి. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. ఆ నీటి కింద వరి, వరి వెంట ట్రాక్టర్లు, గడ్డి లోడు మోసే 407లు, ఎప్పటివో కమాండర్ జీపులు. ఇక్కడి ఇంజన్లు పట్నం కార్లలా ముసలివి కావు. దమ్ము చేసేటప్పుడు బురద, కోతల్లో ఊక దుమ్ము, పెన్నలో ఇసుక తోలేటప్పుడు సన్నటి ఇసుక రేణువులు, రోహిణీ కార్తెలో నీళ్లలా పలచబడే ఆయిల్. ఈ నాలుగూ ఆయిల్ లీకుకు నాలుగు వేర్వేరు దారులు. అందుకే హైదరాబాదు షోరూములో చెప్పే మాట ఇక్కడి ట్రాక్టరుకు సరిపోదు.

ముందు ఇంజను లోపల ఏం జరుగుతోందో తెలియాలి. సిలిండరులో ఇంధనం మండినప్పుడు ఆ వాయువు పిస్టనును కిందికి తోస్తుంది. పిస్టను చుట్టూ రింగులున్నా, ఎంత కొత్త ఇంజనైనా, అందులో కొద్ది భాగం రింగుల సందుల్లోంచి కిందికి, అంటే క్రాంకు తిరిగే చాంబరులోకి దిగుతుంది. మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. ఇది కొత్త బండిలో కొంచెం, పాత బండిలో ఎక్కువ. బొత్తిగా లేని ఇంజను ఎక్కడా ఉండదు. దిగిన వాయువు బయటికి పోవడానికి కంపెనీవాళ్లే ఒక దారి పెడతారు. అదే బ్రీథర్. ట్యాపెట్ కవరు మీదో, బ్లాకు పక్కనో మొదలయ్యే పైపు. పాత జీపుల్లో, ట్రాక్టర్లలో అది నేల వైపు తిరిగి ఊరికే తెరుచుకుని ఉంటుంది. తర్వాతి బండ్లలో ఎయిర్ ఫిల్టరు దగ్గరికో, ఇంజను గాలి పీల్చే గొట్టంలోకో కలుస్తుంది.

చెరువుకు కలుజు ఎలాగో ఇంజనుకు బ్రీథర్ అలాగ. కలుజు పూడిపోతే నీళ్లు కట్టలో ఎక్కడ మెత్తగా ఉందో అక్కడ గండి పెట్టుకుంటాయి. గండి పూడ్చి కలుజు వదిలేస్తే మళ్లీ వానకు ఇంకోచోట తెగుతుంది. ఇంజనులో ఆ మెత్తటి చోట్లు ఏవంటే, క్రాంకు ముందు సీలు, వెనక సీలు, ట్యాపెట్ కవరు ప్యాకింగు, చాంబరు ప్యాకింగు, డిప్‌స్టిక్ గొట్టం మూతి. ఒకే ఇంజనులో వీటిలో రెండు మూడు చోట్ల ఒకేసారి తడి కనిపిస్తే, అన్ని ప్యాకింగులూ ఒకే నెలలో చెడిపోయాయని అనుకోకండి. లోపలి ఒత్తిడిని అనుమానించండి. డిప్‌స్టిక్ దానంతటదే పైకి లేచి, దాని చుట్టూ ఆయిల్ చిమ్మి ఉంటే అనుమానం ఇంకా బలపడాలి.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. మీటరు బోర్డులో కనిపించే ఆయిల్ ప్రెషరు వేరు, చాంబరులో గాలి ఒత్తిడి వేరు. ఆయిల్ ప్రెషరు అంటే పంపు బేరింగులకు ఆయిల్‌ను తోసే బలం. అది కిలోల్లో ఉంటుంది, ఉండాలి కూడా. చాంబరు ఒత్తిడి చాలా చిన్నది, దాన్ని నీటి మట్టంలో సెంటీమీటర్లతో కొలుస్తారు. ఒక పీఎస్ఐ ఒత్తిడి సుమారు 70 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. "ఆయిల్ ప్రెషరు ఎక్కువై సీలు పోయింది" అని ఎవరైనా అంటే, ఏ ప్రెషరని నెమ్మదిగా అడగండి.

చిన్నదే కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. లెక్క వేసి చూద్దాం. 50 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాపెట్ కవరు తీసుకోండి. వైశాల్యం 750 చదరపు సెంటీమీటర్లు. లోపల 10 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సరిపడా ఒత్తిడి ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 10 గ్రాములు. మొత్తం ఏడున్నర కిలోలు. ఇంజను తిరిగినంతసేపూ ఏడున్నర కిలోల బలం ఆ కవరును పైకి ఎత్తుతూనే ఉంటుంది. దాని కింద ఉన్నది ఎండిపోయిన కార్కు ప్యాకింగు. ఎన్నాళ్లు ఆపుతుంది?

పాత ఇంజన్లు తయారుచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. చాంబరులో ఒత్తిడి పెరగదన్న నమ్మకంతోనే కొన్ని ఇంజన్లకు రబ్బరు సీళ్లే పెట్టలేదు. అంబాసిడర్‌లో చాలాకాలం వాడిన 1489 సీసీ బీఎంసీ పెట్రోలు ఇంజనుకు క్రాంకు వెనక చివర రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద మరలా కోసిన గాడి ఉంటుంది, తిరుగుతున్నప్పుడు అది ఆయిల్‌ను మళ్లీ లోపలికే తిప్పికొడుతుంది. బ్రీథర్ శుభ్రంగా ఉన్నంతకాలం ఆ ఏర్పాటు పనిచేసింది. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది గాని, పెళ్లిళ్లకు అలంకరించే పాత కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి యజమానులు "వెనక సీలు వేయండి" అని షెడ్డుకు తెస్తే వేయడానికి అక్కడ సీలే ఉండదు. చూడాల్సింది బ్రీథరే. మద్రాసు సింప్సన్ కంపెనీ చేసిన పెర్కిన్స్ తరహా ఇంజన్లున్న పాత ట్రాక్టర్లలోనూ వెనక వైపు తాడులాంటి సీలు ఉండేది. అది కాస్త చెమ్మగిల్లడం సహజం. చెమ్మ చుక్కలైతేనే సంగతి చూడాలి.

గాలిలోకి వదిలేసే బ్రీథర్‌ను ఇంజనుకే తిప్పి పెట్టే పద్ధతి లాస్ ఏంజలెస్ పొగమంచు బాధ వల్ల పుట్టింది. కాలిఫోర్నియా 1961 మోడల్ కార్లతో దీన్ని మొదలుపెట్టింది. అప్పటి కార్లు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు ఐదో వంతు బ్రీథర్ నుంచే వచ్చేవి. అలా మూసిన పద్ధతిలో ఒక వాల్వు, ఒక రబ్బరు గొట్టం అదనంగా చేరాయి. ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు చాంబరులోని వాయువునూ పీల్చేసుకుంటుంది కాబట్టి లోపల కొద్దిపాటి లాగుడే ఉంటుంది. మంచి ఏర్పాటే. వాల్వు జిగురు పట్టినా, గొట్టం మెత్తబడి లోపలికి అతుక్కుపోయినా మాత్రం లాగుడు పోయి తోపుడు మొదలవుతుంది.

మొదటి పని కడగడం

ఇంజను మురికిగా ఉండగా లీకు ఎక్కడో చెప్పగలనని ఎవరన్నా నమ్మకండి. డీజిలు, బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టండి. ఆల్టర్నేటరుకు, సెల్ఫ్ మోటారుకు, గాలి పీల్చే మూతికి ప్లాస్టిక్ కవరు కట్టి కడగండి. ఆరాక అనుమానమున్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఇంజను వేడెక్కే దాకా నడపండి. ఆపి, టార్చిలైటు పట్టుకుని పైనుంచి కిందికి చూడండి.

ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి చుక్క పడే చోటు అసలు లీకు ఉన్న చోటు అయ్యే అవకాశం తక్కువ. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడ పౌడరు తడిసిందో అదే మీకు కావలసిన చోటు. ఎక్కువ డబ్బు పోయే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ట్యాపెట్ కవరు వెనక మూల నుంచి కారిన ఆయిల్ బ్లాకు వీపు మీదుగా దిగి, బెల్ హౌసింగు అంచున చేరి, కింది రంధ్రంలోంచి చుక్కలుగా పడుతుంది. కింద పడుకుని చూసినవాడికి అది అచ్చం వెనక సీలు లీకులాగే ఉంటుంది. గేర్‌బాక్సు దించుతారు, సీలు మారుస్తారు, గేర్‌బాక్సు ఎక్కిస్తారు. చుక్క ఆగదు. నాలుగు బోల్టులు విప్పి ప్యాకింగు మార్చితే పోయే జబ్బు అది. ఆయిల్ ప్రెషరు స్విచ్చి దారాల దగ్గర కారినా ఇలాగే మోసపోతాం.

కారేది ఏ ఆయిలో కూడా తేల్చుకోండి. డీజిలు ఇంజను ఆయిల్ నల్లగా ఉంటుంది. గేరాయిల్‌కు గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది, వేలికి బంకలా తగులుతుంది. పవర్ స్టీరింగు ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టుకుంటే పొద్దున ఏ చుక్క ఎక్కడిదో తేలుతుంది.

ఇదే సమయంలో డిప్‌స్టిక్ లాగి చూడండి. మట్టం పై గీత దాటి ఉంటే, పోసినవాళ్లు ఎక్కువ పోశారేమో చూసుకోండి. క్రాంకు వెళ్లి ఆయిల్‌ను చిలికితే నురగ పుడుతుంది, లీకులు పెరుగుతాయి. ఎవరూ పోయకుండానే మట్టం పెరుగుతుంటే సంగతి వేరు. డీజిలు పంపు నుంచి డీజిలు చాంబరులోకి దిగుతుండవచ్చు, వాసన చూడండి. పాలమీగడలా తెల్లటి పొర కనిపిస్తే నీళ్లు కలిశాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయిన వరదలాంటి దానిలో మునిగిన బండికి ఇది మొదటి గుర్తు. ఆ బండిని ఆయిల్, ఫిల్టరు మార్చకుండా స్టార్టు చేయకూడదు. గాలి పీల్చే గొట్టంలో, సిలిండర్లలో నీళ్లు లేవని తేలాకే సెల్ఫ్ కొట్టాలి. బ్రీథర్ పైపులో చేరిన ఒండ్రు తీయడం ఆ రోజే జరగాలి.

బ్రీథర్ దగ్గర

పైపును రెండు చివర్లా ఊడదీయండి. ఒక చివర నోటితో ఊదితే అవతల చేతికి గాలి సులువుగా తగలాలి. ఊదే ముందు గుడ్డతో తుడవండి, నోట్లోకి పీల్చకండి. దమ్ము చేసిన ట్రాక్టరులో పైపు కింది మూతి బురదతో గట్టిపడి ఉంటుంది. నెలల తరబడి కదలకుండా నిలబడిన బండిలో కుమ్మరి పురుగు అందులో మట్టి గూడు కట్టుకుని ఉంటుంది. పైకి చూస్తే పైపు మూతి తెరిచే ఉంటుంది, గూడు రెండు అంగుళాలు లోపల ఉంటుంది. సన్నటి తీగ దూర్చి గీకితే పొడి మట్టి, అందులో ఎండిన సాలీళ్లు రాలతాయి. ఇంత చిన్న మట్టి ముద్ద ఇంజను సీళ్లన్నిటినీ తడిపేయగలదు.

కొన్ని ఇంజన్లలో ఆయిల్ పోసే మూతలోనే తీగల జాలీ ఉంటుంది. అది కూడా బ్రీథరులో భాగమే. డీజిల్లో నానబెట్టి, విదిలించి ఆరబెట్టండి. మూత పోయిందని ఏదో ప్లాస్టిక్ మూత బిగిస్తే ఆ దారి మూసినట్టే. ట్యాపెట్ కవరు లోపలి వైపు కూడా చూడండి. అక్కడ ఆయిల్ తుంపరను ఆపే రేకు ఉంటుంది, దాని వెనక నల్లటి జిగురు పేరుకుంటుంది. పైపు శుభ్రంగా ఉన్నా ఈ జిగురు దారి మూసేస్తుంది. పైపు మార్చి ఊరుకునేవాళ్లు దీన్ని చూడరు.

బ్రీథర్ నుంచి పొగ వస్తోందని, ఎక్కినవాళ్లకు వాసన కొడుతోందని గుడ్డ కుక్కే అలవాటు ఉంది. ఇంతకంటే చెడ్డ పని ఇంజనుకు మరొకటి చేయలేం. సన్న గొట్టం తగిలించి వెనక్కి సాగదీయడం కూడా దాదాపు అంతే. మార్చాల్సి వస్తే అసలు పైపు లోపలి వెడల్పు తగ్గకుండా, ఎక్కడా నీళ్లు నిలిచే వంపు లేకుండా మార్చండి. పాత బండి కొనేటప్పుడు బ్రీథర్ మూసి ఉంటే, ఆ బండిని ఎందుకు అమ్ముతున్నారో మీకు సగం అర్థమైనట్టే.

పైపు, నీళ్లు

ఇప్పుడు పరీక్ష. కంటికి లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు రెండున్నర మీటర్లు తీసుకోండి. ఒక చెక్కకు ఆంగ్ల యూ ఆకారంలో తీగతో కట్టండి. రెండు కాళ్లూ అరమీటరుకు తగ్గకుండా ఉండాలి. సగం దాకా నీళ్లు పోసి, మట్టం స్పష్టంగా కనిపించడానికి చిటికెడు కుంకుమ కలపండి. ఒక చివర గాలికి తెరిచి ఉంచండి. రెండో చివర ఇంజనుకు తగిలించాలి. ఆయిల్ పోసే మూతి కొలతకు రబ్బరు బిరడా కోయించి, దానికి పైపు పట్టేంత రంధ్రం పెట్టించుకుంటే మేలు. డిప్‌స్టిక్ గొట్టం మీదా తొడగవచ్చు గాని, కొన్ని ఇంజన్లలో ఆ గొట్టం ఆయిల్‌లో మునిగి ఉంటుంది, లెక్క తప్పుతుంది. చెక్కను ఇంజను కంటే కింది ఎత్తులో, నిటారుగా నిలపండి. అప్పుడు నీళ్లు ఇంజనులోకి పోయే భయం ఉండదు.

ఇంజనును బాగా వేడెక్కనిచ్చి, న్యూట్రల్లో, చక్రాలకు అడ్డు పెట్టి, నడుస్తుండగా పైపు తగిలించండి. వదులు దుస్తులు, తువ్వాలు ఫ్యాను దగ్గరికి రానివ్వకండి. రెండు కాళ్లలో నీటి మట్టాల తేడా ఎంతో అదే చాంబరు ఒత్తిడి. ఒక కాలిలో మూడు సెంటీమీటర్లు దిగి రెండోదాంట్లో మూడు లేస్తే లెక్క ఆరు. నీళ్లు అటూ ఇటూ ఊగుతుంటే పైపును ఒకచోట వేళ్లతో కాస్త నొక్కి పట్టండి, ఊగు తగ్గుతుంది. ఐడిలింగులో ఒకసారి, ఎక్సలేటరు తొక్కి సగం వేగంలో ఒకసారి చూడండి.

బ్రీథర్ గాలికి తెరిచి ఉన్న పాత జీపులో, ట్రాక్టరులో నీళ్లు దాదాపు కదలకూడదు. ఒకటి రెండు సెంటీమీటర్లు కదిలితే కంగారు లేదు. వాయువును ఇంజనే పీల్చుకునే పెట్రోలు కారులో ఐడిలింగులో నీళ్లు ఇంజను వైపు కాలిలో కొంచెం పైకి లేవాలి, అంటే లాగుడు ఉన్నట్టు. మీ ఇంజను మాన్యువల్లో అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.

నీళ్లు బాగా తోసుకుపోతుంటే వెంటనే ఇంకో పని చేయండి. బ్రీథర్ పైపును ఇంజను దగ్గర ఊడదీసి, ఆ మూతిని గాలికి వదిలి, మళ్లీ చూడండి. ఇప్పుడు నీళ్లు సమానమైతే జబ్బు పైపులోనే ఉంది. సీలు, బోరు మాట ఎత్తనక్కర్లేదు. ఊడదీసినా నీళ్లు దిగకపోతే, ఆ మూతి లోపల జిగురు కట్టి ఉండాలి, లేదా దారి పట్టనంత వాయువు వస్తుండాలి. మూతి దగ్గర చేయి పెడితే ఏదో తెలుస్తుంది. జిగురైతే చేతికి ఏమీ తగలదు. వాయువైతే ధారగా కొడుతుంది. అసలు మొదటినుంచీ నీళ్లు కదల్లేదు, లీకు మాత్రం ఉంది అంటే అది ఒట్టి సీలు జబ్బే. ధైర్యంగా సీలు మార్చుకోండి, ఆ డబ్బు వృథా పోదు.

ఆయిల్ మూతను వదులుగా పెట్టి అది ఎగురుతుందా లేదా చూసి తీర్పు చెప్పే పద్ధతి ఎక్కడ చూసినా ఉంది. ఆరోగ్యంగా ఉన్న డీజిలు ఇంజన్లలోనూ మూత కొంత ఆడుతుంది. రాకర్లు చిమ్మే ఆయిల్, పిస్టన్ల కదలిక వల్ల వచ్చే ఊపు కూడా దాన్ని కదిలిస్తాయి. మూత ఎగిరిందని ఇంజను దించనివ్వకండి.

అంకె ఎక్కువ వచ్చింది, బ్రీథర్ శుభ్రంగా ఉంది. ఇక రింగులేనా? ఇంకా కాదు. బొలేరో, సుమో, 407 లాంటి చాలా డీజిలు బండ్లలో బ్రేకుకు కావలసిన వ్యాక్యూమ్ తయారుచేసే పంపు ఆల్టర్నేటరు వెనక ఉంటుంది. అది లాగిన గాలిని, తనకు అందిన ఆయిల్‌తో సహా చాంబరులోకే వదులుతుంది. బ్రేకు బూస్టరు గొట్టం ఎక్కడైనా చిల్లిపడితే పంపు ఆగకుండా బయటి గాలిని మింగి చాంబరులోకి తోస్తూనే ఉంటుంది. చూడ్డానికి అచ్చం రింగులు పోయినట్టే. బండి నిలబడి ఉండగా, చేతి బ్రేకు వేసి, పంపు లాగే గొట్టాన్ని పంపు దగ్గరే మూసి చూడండి. నీటి మట్టం దిగితే లీకు బ్రేకు లైనులో ఉంది, బాగుచేయాల్సింది ముందు అదే, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించింది. చూశాక గొట్టం మళ్లీ బిగించకుండా బండి అంగుళం కూడా కదపకూడదు. లారీల్లో గాలి బ్రేకు కంప్రెసరు రింగులు అరిగినా, టర్బో ఉన్న ఇంజన్లలో టర్బో సీలు పోయినా గాలి ఇలాగే చాంబరులోకి చేరుతుంది.

ఇవన్నీ దాటాక మిగిలేవి రింగులు, లైనర్లు. బ్రీథర్ దగ్గర చేయి పెట్టి వినండి. వాయువు ఒకే లయలో, ఉండుండి కొడితే ఒక సిలిండరులోనే రింగు విరిగి ఉండవచ్చు. ఎడతెగకుండా వస్తే అన్నీ అరిగాయి. పొద్దున స్టార్టు కావడం కష్టమైందా, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం తగ్గిందా, నీలం పొగ వస్తోందా, వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ తాగుతోంది, ఇవి కలిపి చూడండి. కంప్రెషను చూడాలంటే డీజిలుకు డీజిలు గేజే వాడాలి, పెట్రోలు గేజి ఆ ఒత్తిడికి ఆగదు. ఇంకా నమ్మకమైన పరీక్ష, పిస్టను పై చివర ఉండగా ఇంజెక్టరు రంధ్రంలోంచి కంప్రెసరు గాలి పెట్టి వినడం. ఆయిల్ మూతిలో సుయ్‌మంటే రింగులు, సైలెన్సరులో అయితే ఎగ్జాస్టు వాల్వు, రేడియేటరులో బుడగలొస్తే హెడ్ ప్యాకింగు. గాలి పెట్టినప్పుడు క్రాంకు ఒక్కసారిగా తిరగవచ్చు, కాబట్టి ఇది తెలిసిన మెకానిక్కు చేతే చేయించండి.

రింగులు త్వరగా పోవడానికి మన దగ్గర పెద్ద కారణం ఇసుక దుమ్ము. ఎయిర్ ఫిల్టరు ఎంత మంచిదైనా, దానికీ ఇంజనుకీ మధ్య రబ్బరు గొట్టం పగిలితే పెన్న ఇసుక నేరుగా లైనర్లలోకి పోతుంది. ఆ గొట్టం లోపలి గోడను వేలితో తుడవండి. వేలికి గరుకు తగిలితే ఆ రోజే ఆపండి. ఆయిల్ గిన్నె ఉండే పాత ఎయిర్ ఫిల్టర్లలో అడుగున బురద చేరాక ఆయిల్ మార్చకపోవడమూ అంతే. తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల జనరేటర్లది ఇంకో కథ. పెద్ద జనరేటరుకు రెండే ఏరియేటర్లు తగిలించి గంటల తరబడి తేలిగ్గా తిప్పుతారు. అలా తిప్పితే లైనరు గోడలు అద్దంలా నున్నబడి, రింగులు సరిగా కూర్చోక వాయువు దిగుతుంది. తొలిదశలో అయితే సరిపడా లోడు మీద నడిపితే కొంత కోలుకుంటుంది. బోరు తీయించే ముందు ఆ అవకాశం ఇవ్వాలి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. బ్రీథర్ ఇంజను పీల్చే గొట్టంలో కలిసే డీజిలు బండిలో చాంబరు నిండా ఆయిల్ పోసి ఉంటే, లేదా వాయువు విపరీతంగా ఆయిల్‌ను మోసుకుపోతే, ఇంజను డీజిలు మానేసి ఆ ఆయిల్‌నే తాగుతూ పిచ్చి వేగం అందుకుంటుంది. తాళం తీసినా ఆగదు. నిలబడి ఉంటే పై గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్చి వదలాలి, లేదా గాలి పీల్చే మూతికి చెక్కపలక అడ్డం పెట్టాలి. చేయి ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. దగ్గర నిలబడే ధైర్యం చాలకపోతే మనుషుల్ని దూరం పంపి మీరూ దూరం జరగండి. ఇంజను పోతే పోయింది.

మెకానిక్కు దగ్గరికి ఈ అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని వెళ్లండి. తేదీ, మీటరు రీడింగు, ఐడిలింగులో నీటి తేడా, సగం వేగంలో తేడా, బ్రీథర్ ఊడదీశాక తేడా. "అన్నా, ఊడదీస్తే ఆరు నుంచి ఒకటికి దిగింది, ముందు దీని సంగతి చూడు" అని చెప్తే పనిమంతుడైన ఏ మెకానిక్కూ తప్పుపట్టడు, ఇంకా శ్రద్ధగా చూస్తాడు. అతని చేతికి మీ బండి రోజో గంటో దొరుకుతుంది, మీకు ఏడాది పొడుగునా దొరుకుతుంది. ఆ తేడా అతనికి ఉపయోగపడేలా చేయగలిగింది మీరే. బోరు పని తప్పదని తేలితే, రింగులు మాత్రం మార్చి సరిపెడదామనే మాటకు ఒప్పుకోకుండా లేతు వర్కుషాపులో ముందు లైనర్లు కొలిపించండి. పైన వెడల్పై కింద బిగిసిన లైనరులో కొత్త రింగులు నిలబడవు.

సీలే మార్చాల్సి వస్తే పాత సీలు తీశాక షాఫ్టును గోటితో గీరి చూడమనండి. సీలు పెదవి రుద్ది రుద్ది గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా ఆ గాడిలోనే కూర్చుని కారుతుంది. దాన్ని రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టవచ్చు, లేదా షాఫ్టుకు సన్న ఉక్కు తొడుగు వేయించవచ్చు. ట్యాపెట్ కవరుకు, చాంబరుకు అనబాండ్ లాంటి పేస్టు పూసేటప్పుడు సన్న గీతలా చాలు. ఒత్తుగా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి చాంబరు జల్లెడకు అడ్డం పడతాయి, అప్పుడు నిజంగానే ఆయిల్ ప్రెషరు పోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే లీకు ఆగినట్టు కనిపిస్తుంది గాని, అది కారే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప తోసే ఒత్తిడిని తగ్గించదు. పని అయ్యాక బిల్లు కట్టే ముందు, అదే పైపు, అవే నీళ్లతో షెడ్డులోనే ఇంకోసారి కొలిచి, ఆ అంకెను పాత అంకె కిందే రాసుకోండి. ఆ తర్వాత ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొలవండి. అంకె నెమ్మదిగా పెరుగుతుంటే వచ్చే కోతల దాకా బండి ఆగుతుందా లేదా అన్నది మీకే ముందుగా తెలుస్తుంది, బోరు పనిని పంట పని లేని నెలకు పెట్టుకోవచ్చు.